మూడవ ప్రతి

ఎల్డర్టన్, వర్జీనియా
14 సెప్టెంబరు 2025

చిరంజీవి శ్యామ్‌సుందర్‌కు,

ఇక్కడ మీ అక్కా నేనూ కులాసాగా ఉన్నాము. నువ్వు, నళిని, ఆద్య కూడా అలాగే ఉన్నారని తలుస్తాను.

నెలకొక ఉత్తరం తెలుగులో, చేతిరాతతో రాసుకోవాలని ఉగాదినాడు మనం చేసుకున్న ఒప్పందాన్ని నేను ఒక్కసారీ తప్పలేదు. నువ్వు రెండు నెలలు తప్పావు. ఆద్య కంట తెలుగు అక్షరం పడుతూ ఉండాలన్నది నీ కోరికే గాని నాది కాదని గుర్తుచేయడం నా విధి.

మీ అక్క పెరటిలో వేసిన గోంగూరను జింకలు మొదలంటా తిన్నాయి. పొద్దున్నే లేచి చూసుకుని, "వీటికి పులుపు కూడా మనమే అలవాటు చేశాము" అని ఛాయాదేవి వాపోయింది. షాంటిలీ దుకాణాలలో గోంగూర మొక్కలు దొరికితే ఒకటి రెండు చూసి ఉంచు.

ఇక అసలు విశేషం. డేరియస్ వేసవి కోర్సులో ఉత్తీర్ణుడయ్యాడు. అతని పేరు నాకంటే నీకే ముందు తెలుసు: డెబ్బై రెండవ నంబరు చొక్కా, నూట నలభై కిలోల మనిషి, మన విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు ముందు వరుసలో గోడలాగా నిలబడతాడు. ఆ ఒక్క కోర్సు పోతే నియమం ప్రకారం ఈ సీజనంతా ఆడే అర్హత ఉండేది కాదు. విశ్వవిద్యాలయంలో ఆటగాళ్ల చదువు కోసం పెట్టిన కేంద్రంలో నేను ట్యూటరుగా చేరి పదహారు నెలలయింది. ఇంతకాలానికి నా పద్ధతి ఫలించింది.

ఆ పద్ధతి నాది కాదు. కాకినాడలో పగలంతా ఎరువుల డిపోలో బస్తాలు తూచి, ఆరు గంటలకు సాయంకళాశాల బెంచీ మీద కూర్చునేవాడిని. మా చరిత్ర లెక్చరర్‌గారు ప్రతి ప్రశ్నకూ ఆదర్శ సమాధానం చెప్పి రాయించేవారు. దానిని మూడుసార్లు రాయమనేవారు. మొదటిసారి చెయ్యి రాస్తుంది, రెండవసారి కన్ను చదువుతుంది, మూడవసారి బుద్ధి పట్టుకుంటుంది అనేవారు. ముప్ఫై ఒకటవ ఏట నేను పట్టా పుచ్చుకున్నది ఆ మూడవసారి చలవవల్లనే. ఇక్కడ కూడా వారం వారం ఆచార్యుడు ఇంటికిచ్చే ప్రశ్నలకు సమాధానం నేను కూర్చి చెబుతాను. నా దగ్గరి ఏడుగురు ఆటగాళ్లూ మూడేసి సార్లు రాస్తారు. ఆ తరువాతనే టైపు చేసి పంపుతారు.

డేరియస్ చేతిరాతలో ఒక పేజీ దీనితో జతపరుస్తున్నాను. నదులకు ఆనకట్టలు కట్టడం వలన కలిగిన మార్పుల గురించిన సమాధానం. మొదటి ప్రతి నా ఫైలులో ఉన్నది, మూడవది అతని దగ్గర ఉన్నది, ఇది రెండవది. మూడింటి మీదా ఎర్ర సిరాతో తెలుగులో "బాగు" అని రాశాను. ఏప్రిల్‌లో ఇతను ఒక పూర్తి వాక్యం రాయలేక పెన్ను విసిరికొట్టాడని చెబితే నువ్వు నమ్మవు.

మీ ముగ్గురి మేలూ కోరే
బావ, పద్మనాభం

❖

షాంటిలీ
23 సెప్టెంబర్ 2025

బావగారికి,

రెండు నెలలు తప్పిన ముద్దాయి నమస్కారాలు. నేరం ఒప్పుకుంటున్నాను. శిక్ష కింద మీ ఉత్తరం మొత్తం ఆద్యకి చదివి వినిపించాను. "డాడ్, పద్మనాభం మామయ్య బుక్‌లా ఎందుకు టాక్ చేస్తాడు?" అని అడిగింది. ఆయన మాట్లాడటం కాదమ్మా, ముద్రిస్తారు అని చెప్పాను. కోపం తెచ్చుకోకండి.

మీ కవర్ శనివారం గేమ్ టైమ్‌కి వచ్చింది. మా బ్యాచ్ అంతా ఇంట్లోనే ఉన్నారు. నేను అక్కడ ఎమ్మెస్ చేసిన రోజుల్లో మన హెరన్స్ ఏడాదికి మూడు గేమ్‌లు గెలిస్తే పండగ. కొంగబొమ్మ టోపీ పెట్టుకుని ఇండియన్ స్టోర్‌కి వెళ్తే బిల్లు వేసే అమ్మాయి కూడా నవ్వేది. ఇప్పుడు నాలుగుకి నాలుగు గెలిచాం. పదిహేనేళ్లుగా టికెట్లు కొంటూ, డొనేషన్ ఇస్తూ, తిట్లు తింటూ వచ్చినవాడికి ఇది ఎలా ఉంటుందో మీరు ఊహించలేరు.

మా ఫణి మీకు తెలుసు కదా, మా ఆఫీస్‌లో పనిచేస్తాడు. "మీ బావ అక్కడ చేసేది ట్యూషన్లే కదరా" అని ఎప్పుడూ గుచ్చుతూ ఉంటాడు. మీరు పంపిన పేజీ వాడి ముందు పెట్టి, డెబ్బై రెండో నంబర్ చేతిరాత ఇది, రాయించింది మా బావగారు అన్నాను. హాల్లో అందరూ ఒక్క నిమిషం టీవీ చూడటం మానేశారు. నాకు ఆ నిమిషం చాలు. పేజీని తర్వాత జాగ్రత్తగా ఫోల్డర్‌లో పెట్టి దాచాను.

గోంగూర మొక్కలు మళ్లీ వేసవికే అన్నారు. అక్కకి ఓపిక పట్టమని చెప్పండి.

మీ గర్వంలో కాస్త వాటా అడిగే
శ్యామ్

❖

ఎల్డర్టన్
5 అక్టోబరు 2025

చిరంజీవి శ్యామ్‌సుందర్‌కు,

నేను మాట్లాడితే ముద్రించినట్టు ఉంటుందన్న నీ మాటను ప్రశంసగానే స్వీకరించాను.

నిన్నటి గెలుపు గురించి నువ్వే నాకు చెప్పాలి. నేను ఆట చూడలేదు, చప్పుడు విన్నాను. మా ఇంటికి స్టేడియం మైలున్నర దూరం. అరవై వేలమంది ఒక్కసారిగా అరిస్తే వంటింటి కిటికీ అద్దం అదురుతుంది. మీ అక్క ఆ అద్దం మీద చెయ్యి పెట్టి, "మళ్లీ గెలిచినట్టున్నారు" అంటుంది.

ఈసారి రాయవలసినది వేరే ఉన్నది. సోమవారంనాడు మా కేంద్రానికి ఒక ఆవిడా ఒక మగమనిషీ వచ్చారు. మా పై అధికారి కాలిన్స్‌గారి గది తలుపు మూసుకుని మూడు గంటలు కూర్చున్నారు. వెళ్లేటప్పుడు రెండు కంప్యూటర్లు పెట్టెలలో పెట్టి తీసుకుపోయారు. మరునాడు మాకందరికీ నోటీసు వచ్చింది: ఈమెయిలు గాని, ఫోనులోని మెసేజి గాని ఒక్కటి కూడా చెరిపివేయరాదు. కాబట్టి ఈ సంగతి ఫోనులో ఎత్తవద్దు. ఉత్తరాలే రాసుకుందాము.

ఎవరూ ఏమీ చెప్పరు. ఆటగాళ్ల చేత వారానికి ఇరవై గంటలకు మించి సాధన చేయించకూడదని నియమం. ఆ గంటలలో ఏదో తేడా వచ్చి ఉంటుందని నా ఊహ. కాలిన్స్‌గారు రోజూ నా డబ్బాలోని పులిహోర ఒక చెంచా రుచి చూడనిదే భోజనం మొదలుపెట్టని మనిషి. ఈ వారం ఆయన వేరే అంతస్తులో తింటున్నారు. హెడ్ కోచ్ మెట్ల మీద ఎదురైతే ఎప్పుడూ నా వీపు తట్టేవారు. మొన్న ఫోను చూసుకుంటూ పక్కకు తప్పుకున్నారు. ఎవరి తప్పో గాని, కేంద్రమంతా దాని నీడ పడినట్టున్నది.

నా మటుకు నాకు ఒక మంచి జరిగింది. గురువారం ఆవిడ నా గదికి వచ్చి, మీరు ఎలా బోధిస్తారో చెప్పగలరా అని అడిగింది. పదహారు నెలలలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆవిడే. గంటసేపు వివరించాను. నా నలభై ఏడు ఆదర్శ సమాధానాలూ, ఏడుగురి మొదటి ప్రతులూ, ముందు ఒక విషయసూచికా, పైన ఒక పరిచయ లేఖా పెట్టి అట్టలు వేసి ఉంచాను గదా, వాటిని చూపించాను. తీసుకువెళ్లవచ్చునా అన్నది. నకళ్లు ఎందుకు, అసలువే తీసుకోండి అన్నాను. ఆవిడ చాలాసేపు పై అట్టను చూస్తూ నిలబడిపోయింది. ఇటువంటి శ్రద్ధ ఇంతకుముందు చూసి ఉండదు.

ఉంటాను.
నీ క్షేమం తలచే
పద్మనాభం

❖

షాంటిలీ
12 అక్టోబర్ 2025

బావగారూ,

ఇది అందగానే ఒక్క పని చేయండి. ఇంకెవ్వరికీ ఏ కాగితమూ ఇవ్వకండి. వాళ్లు ఎంత మర్యాదగా అడిగినా సరే, లాయర్‌తో మాట్లాడి చెప్తాను అనండి.

వాళ్లు వెతుకుతున్నది ప్రాక్టీస్ గంటల గురించి కాదు. మన టీమ్ ఫ్యాన్స్ వెబ్‌సైట్‌లో మూడు వారాల కింద ఒక ఫోటో వచ్చింది. డేరియస్ రాసిన పేజీ. మీ ఎర్ర ఇంకు కూడా కనిపిస్తోంది. మొదట అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఎవరో అదే జవాబుని ఇంకో ఆటగాడు క్లాస్ వెబ్‌సైట్‌లో పెట్టినదానితో పక్కపక్కన చూపించారు. ఒక్క మాట తేడా లేదు. అది కాలేజీ ఆటలకి రూల్స్ పెట్టే ఎన్‌సీఏఏ వరకూ వెళ్లింది.

మీకు ఇది ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇక్కడ ట్యూటర్ ప్రశ్న అర్థమయ్యేలా చెప్పొచ్చు, రాసినదాంట్లో తప్పు చూపించొచ్చు. జవాబు మాత్రం చెప్పి రాయించకూడదు. మనకి నోట్స్ చెప్పడమంటే పాఠం చెప్పడం. వీళ్లకి అది కాపీ. మాతో ఎమ్మెస్ చేసిన నీరజ్ ఒక్క హోంవర్క్ ఇలాగే చేసి సెమిస్టర్ పోగొట్టుకున్నాడు.

ఫోటో ఎవరు పెట్టారో తెలియదు. అక్కడివాళ్లే ఎవరో అయ్యుంటారు.

అక్కకి ఇప్పుడే ఏమీ చెప్పకండి.

శ్యామ్

❖

ఎల్డర్టన్
26 అక్టోబరు 2025

శ్యామ్‌సుందర్‌కు,

నీ ఉత్తరంలో "కాపీ" అన్న మాట చదివి పది రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. నా సంగతి నీకు కొత్త కాదు. పరీక్ష హాలులో పక్కవాడి కాగితం వైపు చూడకుండా ఉండడం కోసం గోడవైపు కుర్చీ అడిగి తీసుకున్నవాడిని.

నన్ను మంగళవారం పిలిచారు. నా పుస్తకాలు బల్లమీద పరిచి ఉన్నాయి. నేను వేసిన అట్టలమీద వారి నంబరు చీటీలు అంటించి ఉన్నాయి. ఆవిడ ఆనకట్టల సమాధానంలో ఒక వాక్యం కింద వేలు పెట్టింది.

"ఈ వాక్యం ఎవరిది?"

"నాది" అన్నాను.

"ప్రొఫెసర్‌కి చేరినది?"

"డేరియస్‌ది."

"రెండూ ఒకటే కదా, సర్."

"మేడమ్, అతను మూడుసార్లు రాశాడు" అన్నాను.

ఆవిడ పక్కనున్న మనిషి వైపు చూసింది. అతను తల వంచుకుని రాసుకున్నాడు. ఎగతాళి చేసినా నేను తట్టుకునేవాడిని. ఆవిడ ముఖంలో ఉన్నది జాలి.

తరువాత, ఉద్యోగంలో చేరిన రోజున నేను సంతకం పెట్టిన అరవై నాలుగు పుటల నియమావళి తీసింది. సమాధానం చెప్పి రాయించరాదని ఇరవై రెండవ పుటలో ఉన్నదట. ఆరోజు కాలిన్స్‌గారు, అందరూ పెడతారు, తీరికగా చదువుకోవచ్చు అన్నారు. నా జన్మలో చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే. కాని నేను సమాధానాలు చెబుతూ ఉండగా ఆయన అద్దం అవతల కూర్చుని వినేవారు. ఒకసారి లోపలికి వచ్చి, మీరేం చేస్తున్నారో గాని ఆపకండి అన్నారు.

జరగగలిగినవి ఇవట: డేరియస్ ఆడిన మ్యాచ్‌ల గెలుపులు రికార్డునుంచి కొట్టివేస్తారు. రెండేళ్లు సీజను చివరి పోటీలకు పోనివ్వరు. కొందరి స్కాలర్‌షిప్పులు తగ్గిస్తారు. నా దగ్గరి ఏడుగురినీ ఇప్పటికే పక్కన కూర్చోబెట్టారు. ఆరుగురు మళ్లీ ఆ కోర్సు చదివితే సరిపోవచ్చును. డేరియస్ సంగతి వేరు. ఆ ఫోటో అతనే పంచాడని, అంటే సమాధానాలు ఇతరులకు సరఫరా చేశాడని వారి అనుమానం. అది రుజువైతే విశ్వవిద్యాలయం నుంచే పంపివేస్తారు.

నాకూ అదే అనుమానం. ఉన్నవి మూడు ప్రతులు. మొదటిది నా ఫైలుతో వారికి ఇచ్చాను. రెండవది నీ దగ్గర జాగ్రత్తగా ఉన్నదని నువ్వే రాశావు. మిగిలినది మూడవది. నేను అక్షరాలు దిద్దించిన చెయ్యి నన్ను వీధిలో పెట్టింది. నిన్న కారిడార్‌లో ఎదురైతే మొహం తిప్పుకున్నాను.

ఇప్పుడు నీ సలహా కావాలి. కాలిన్స్‌గారు రెండు పుటల వాంగ్మూలం టైపు చేయించి తెచ్చారు. అందులో మూడు సంగతులున్నాయి. ఇదంతా నేను ఒక్కడినే చేశాను. కేంద్రం నన్ను ముందే హెచ్చరించింది. తప్పని తెలిసే డేరియస్ సమాధానాలు అడిగి తీసుకుని ఇతరులకు పంచాడు. మొదటిది సగం నిజం. రెండవది అబద్ధం. మూడవదానిలో "అడిగి" అన్నది అబద్ధం, "పంచాడు" అన్నది నిజమని నమ్ముతున్నాను. నేను సంతకం పెడితే జట్టు మీద శిక్ష తేలికవుతుందట, నన్ను గౌరవంగా పంపుతారట. గడువు నవంబరు పద్నాలుగు, శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటలు.

ఈ దేశపు ఆఫీసులు నీకు తెలిసినంత నాకు తెలియవు. ఆలోచించి రాయి.

పద్మనాభం

❖

షాంటిలీ
2 నవంబర్ 2025

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నళిని కూడా చదివింది.

సంతకం పెట్టేయండి. ఇక్కడ ఎంక్వైరీ అనేది ఎంత సాగితే అంతమందిని లాగుతుంది. ఎవరు ఎవరికి ఏ కాగితం పంపారు, ఎవరు ఎవరికి చూపించారు, అన్నీ తవ్వుతారు. త్వరగా మూసేస్తే అందరికీ మంచిది. మీ ఉద్యోగం ఎలాగూ నిలవదు. అక్క వెటర్నరీ ల్యాబ్‌లో స్థిరంగా ఉంది. మీరు కొన్నాళ్లు ఇక్కడికి వచ్చి మాతో ఉండండి. షాంటిలీలో తెలుగు క్లాసులు చెప్పేవాళ్ల కోసం అందరూ వెతుకుతున్నారు.

ఎనిమిదికి ఎనిమిది గెలిచాం, ఏడుగురు లేకుండా కూడా. ఈ కుర్రాళ్ల కష్టమంతా రికార్డులోంచి కొట్టేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

డేరియస్ గురించిన వాక్యం దగ్గర ఎక్కువ ఆగకండి. అతనికి లాయర్లు ఉంటారు. పెద్ద ఆటగాళ్లని ఈ దేశం వదులుకోదు, ఇంకో యూనివర్సిటీ తీసుకుంటుంది.

మీ ఆరోగ్యం చూసుకోండి.
శ్యామ్

అన్నయ్యగారూ, నేను నళినిని. ఆయన మీకు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. నేను చెప్పడం కాదు, ఆయన చేతే రాయించాలని ఆగాను. మీరు దేనిమీదా తొందరపడకండి.

❖

ఎల్డర్టన్
8 నవంబరు 2025

శ్యామ్‌సుందర్‌కు,

నీ సలహా అందింది. నళిని కింద రాసిన మాటలు కూడా చదివాను. నీ గ్రీన్‌కార్డు వ్యవహారమేదో చిక్కులో పడి ఉంటుందని, నా కష్టం మధ్యలో చెప్పడానికి నువ్వు మొహమాటపడుతున్నావని అర్థమైంది. నా గురించి ఆలోచించి నీ సంగతి దాచుకోకు. ఈ గొడవ తీరగానే మాట్లాడుకుందాము.

సంతకం పెట్టడానికే నిశ్చయించుకున్నాను. మీ అక్కకు చెప్పక తప్పలేదు. ఆ మూడవ వాక్యం చదివి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "ఆ పిల్లాడు అడిగాడా? మీరే పిలిచి కూర్చోబెట్టి రాయించారా?" అన్నది. నేను ఫోటో సంగతి చెప్పాను. "మీ చదువు పట్టా దగ్గరే ఆగిపోయిందండీ. మనిషిని చదవడం రాలేదు" అన్నది. రెండు రోజులుగా అన్నం వడ్డించి తన గదిలోకి వెళ్లిపోతున్నది.

గురువారం లైబ్రరీ బయట డేరియస్ నాకోసం నిలబడి ఉన్నాడు. మేము మాట్లాడుకోకూడదని ఇద్దరికీ ఆదేశమున్నది. అయినా వచ్చాడు. నా పేరు పూర్తిగా నోరు తిరగక మిస్టర్ పాడ్ అంటాడు.

"మిస్టర్ పాడ్, ఆ పేజీ నేను ఎవరికీ ఇవ్వలేదు."

"నీ ప్రతి ఎక్కడున్నది?" అన్నాను.

"జార్జియాలో. మా అమ్మమ్మ ఫ్రిజ్ మీద. నేను రాసిన పూర్తి పేజీ ఆమె ఎప్పుడూ చూడలేదు, అందుకని పంపించాను."

అంత మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఒక్క క్షణం సందేహం కలిగింది. కాని అది నిజమైతే ఫోటో ఎక్కడినుంచి వచ్చినట్టు? నా ఫైలులోనుంచి రాలేదు. నీ ఇంటినుంచి రాలేదు. లెక్క మరోవిధంగా తేలదు. కథలు బాగా చెబుతున్నావు, వాక్యాలు కూడా నేర్చుకున్నావు అన్నాను. అతను తల ఒకసారి ఊపి వెళ్లిపోయాడు.

నా ఫోను నకలు తీసుకోవడానికి పట్టుకుపోయారు, వచ్చే వారం ఇస్తారట. ఏదైనా ఉంటే ఉత్తరమే రాయి.

శుక్రవారం తొమ్మిది గంటలకు వెళుతున్నాను.

పద్మనాభం

❖

షాంటిలీ
13 నవంబర్ 2025, గురువారం

బావగారూ,

మీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఇది రేపటికి చేరే కొరియర్‌లో పంపుతున్నాను. తొమ్మిదిలోపల అందుతుందని వాళ్లు గ్యారంటీ ఇవ్వలేదు.

ఆ ఫోటో మా ఇంట్లో తీసింది. సెప్టెంబర్ ఇరవైన, డైనింగ్ టేబుల్ మీద. ఫణి ఎగతాళి చేస్తుంటే నేనే పేజీ చూపించాను. వాడు ఫోటో తీసుకుంటానంటే నేనే రెండు మూలలూ పట్టుకున్నాను. ఫోటోలో ఎడమ అంచు దగ్గర కనిపించే బొటనవేలు నాది. వాడు గొప్పకే పెట్టాడు, ఫ్యాన్స్ సైట్‌లో. అప్పుడు నాకూ గొప్పగానే ఉంది. నేనే కింద చప్పట్ల బొమ్మ పెట్టాను.

అక్టోబర్‌లో మీకు ఉత్తరం రాసేటప్పటికే నాకు అంతా తెలుసు. "అక్కడివాళ్లే ఎవరో" అని రాశాను. తర్వాత మీరు డేరియస్‌ని అనుమానించారు. ఖండించడానికి ఒక్క లైన్ చాలు. ఆ లైన్ రాయకుండా సంతకం పెట్టమని సలహా ఇచ్చాను. టీమ్ కోసం అని రాశాను గానీ, నిజానికి నా పేరు బయటపడుతుందని భయం. డొనేషన్ ఇచ్చేవాడిని కాబట్టి నేను కూడా వాళ్ల రూల్స్ కిందకే వస్తాను. సీజన్ పాడు చేసింది వీడేనని పదిహేనేళ్లుగా కలిసి గేమ్ చూసినవాళ్లు నా మొహాన అంటారు. అంతే నా భయం. ఇంతకంటే పెద్ద కారణం ఉందని మీకు రాయాలని వెతుక్కున్నాను. దొరకలేదు.

నిన్న అక్కకి రెండుసార్లు ఫోన్ చేశాను. "మీ బావగారు పక్కనే ఉన్నారు, ఇవ్వనా?" అంది. వద్దని, చలి ఎలా ఉంది అని అడిగి పెట్టేశాను. నళిని ఎదురుగా నిలబడి అంతా చూసింది. కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది.

ఆ కుర్రాడు మీతో నిజమే చెప్పాడు.

క్షమించమని అడగడానికి అర్హత లేని
శ్యామ్‌సుందర్

❖

ఎల్డర్టన్
16 నవంబరు 2025

శ్యామ్‌సుందర్‌కు,

నీ కవరు శుక్రవారం పదకొండున్నరకు అందింది. నేను తొమ్మిది గంటల పది నిమిషాలకు సంతకం పెట్టాను.

కవరు అందుకున్నది ఛాయాదేవి. నేను ఇంటికి వచ్చేసరికి విప్పి చదివి, చలిలో గుమ్మం బయట మెట్లమీద కూర్చుని ఉన్నది. కాగితం నాకిచ్చి, "మా తమ్ముడు" అని మాత్రం అన్నది. నేను చదవడం అయ్యేవరకూ ఉండి, కారు తాళాలు తెచ్చి చేతిలో పెట్టింది.

కాలిన్స్‌గారు ఆ కాగితం వెళ్లవలసిన చోటికి వెళ్లిపోయిందన్నారు. సంతకం చేసిన వాంగ్మూలాన్ని వెనక్కు తీసుకునే పద్ధతి లేదన్నారు. మీరు అద్దం అవతల కూర్చుని విన్నది కూడా రాయబోతున్నాను అని చెప్పాను. "పాడ్, నీకు అలసటగా ఉంది, ఇంటికి వెళ్లు" అన్నారు. ఆయన స్వరం చాలా స్నేహంగా ఉన్నది. ఇన్ని వారాలలో నేను భయపడినది అప్పుడే.

విచారణ చేసే ఆవిడను వెతుక్కుంటూ వెళ్లాను. తీసివేయడానికి వీలులేదు గాని చేర్చడానికి వీలున్నదని ఆవిడ చెప్పింది. అక్కడే కూర్చుని నాలుగు పుటలు రాశాను. సమాధానాలు నావి. డేరియస్ ఎన్నడూ అడగలేదు, తప్పని అతనికి తెలియదు. ఇరవై రెండవ పుట నాకెవరూ చూపలేదు, నేనూ చదువుకోలేదు. కాలిన్స్‌గారికి తెలుసు. ఫోటో తీసిన ఇల్లు నా బావమరిదిది. నీ పేరు, చిరునామా, ఫణి పేరు రాశాను. నా బుద్ధి ఎలా తప్పిందో కూడా రాశాను. నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ఇచ్చివేశాను. తెలుగు చదవగలిగినవారిని పిలిపించుకుంటారట.

తరువాత డేరియస్ కోసం వెళ్లాను. నా సంతకం పడిన గంటలో, నిర్ణయం వచ్చేవరకూ అని, అతని గుర్తింపు కార్డు ఆపివేశారు. హాస్టలు తలుపు కూడా తెరుచుకోలేదట. ఎవరో అతని బట్టలు రెండు నల్లటి చెత్త సంచులలో వేసి బయట పెట్టారు. బస్సు ఆగే చోట వాటి మధ్య కూర్చుని జార్జియా నుంచి వచ్చే పినతండ్రి కోసం ఎదురుచూస్తున్నాడు. పేజీ పంచినది నువ్వు కాదని తెలిసింది అన్నాను.

"నేను చెప్పాను కదా, మిస్టర్ పాడ్."

అవును, నేను వినలేదు అన్నాను. అతను సంచి మూతి ముడి వేసుకున్నాడు.

"ఒకటి అడగనా? మూడోసారి రాసేసరికి అది నాదే అయిపోతుందని మీరు చెప్పారు. నేను అలాగే అనుకున్నాను. మా అమ్మమ్మకి కూడా అదే చెప్పాను. ఇప్పుడు ఆమెకి ఏమని చెప్పాలి?"

ఇరవై ఏళ్లుగా నేను నమ్మినదానికి అతని దగ్గర నిలబడి ఒక్క వాక్యం కూర్చలేకపోయాను. పినతండ్రి కారు వచ్చింది. ఒక సంచి నేను మోశాను.

డిసెంబరు తొమ్మిదిన నిర్ణయం. నా ఉద్యోగం పోయింది, దాని గురించి మాట్లాడనక్కరలేదు. జట్టు సంగతి వారు తేలుస్తారు. మిగిలినది డేరియస్ చదువు. మొదటి కాగితం అతను పంచాడంటుంది. రెండవది పంచలేదంటుంది. రెండింటి కిందా ఉన్నది నా సంతకమే. రెండూ ఒకే ఫైలులో పెట్టారు. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి చెప్పిన మనిషి మాటకు విలువ లేదని కాలిన్స్‌గారి లాయరు అప్పుడే అన్నాడట. నీ ఉత్తరం కూడా నన్ను కాపాడడానికి బంధువు రాసినదే అంటున్నాడట. ఆ బొటనవేలు నీదని నువ్వు నీ నోటితో చెప్పాలి.

ఈ నెల ఇరవై అయిదున, మంగళవారం ఉదయం పది గంటలకు ఆవిడ నీకు ఫోను చేస్తుంది. ఒక్కసారే చేస్తుందట. ఫోను ఎత్తు. చలి గురించి మాట్లాడి పెట్టేయకు.

పద్మనాభం